ఇరవై ఏడో రోజు

ఉలాన్‌బాతర్‌లో ఈ రాత్రి మైనస్ ముప్పై రెండు.
హాస్టల్ కిటికీకి లోపలివైపే మంచు పేరుకుంది.
దాని మీద గోటితో
నాలుగో వారపు పిండాన్ని గీస్తున్నాను.
తల, తోక, మధ్యలో విల్లులా వంగిన వెన్ను.
కింది చివర గీత ఇంకా కలపలేదు.
రేపే పరీక్ష.

దులంసురేన్ మేడమ్ క్లాసుకి పిండిముద్ద తెచ్చేది,
బోజ్ కుడుములకి మేం కలుపుకునే పిండే.
అప్పడంలా ఒత్తి బల్ల మీద పరిచి
"ఇదిగో మీరు," అనేది.
"పదిహేనో రోజున మీ అందరి బతుకూ ఇంతే,
వెన్నేదో పొట్టేదో అప్పుడే తేలుతోంది."
తర్వాత రెండు బొటనవేళ్ళతో అంచులు లేపేది.
మధ్యలో గాడి పడేది, లోతయ్యేది,
అంచులు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వంగి
మెడ దగ్గర మొదట కలిసేవి.
అక్కణ్ణించి పైకీ కిందికీ
అంటుకుంటూ పోయేది అతుకు.
"పై నోరు ఇరవై ఐదున మూసుకుంటుంది.
కింది నోరు ఇరవై ఏడున. రాసుకోండి."
రాసుకున్నాను.
సిరా గడ్డకడితే పెన్ను మీద రెండుసార్లు ఊదాను.

గదులు కట్టకముందే గుండె కొట్టుకుంటుంది,
గోడలు లేవకముందే కాపురానికొచ్చినట్టు.
చేతులు తెడ్లలా మొలుస్తాయి.
వేళ్ళ మధ్యనున్నది చచ్చిపోతేనే
వేళ్ళు విడతాయి.
ఇవన్నీ నాకు కంఠతా వచ్చు.
రానిది ఒక్క పేజీ.

ఆ పేజీలో ఒక ఫోటో. నడుం దగ్గర
మూసుకోని వీపు.
కింద ఒకటే వాక్యం, ఎవరికీ చుట్టం కాని గొంతుతో.
మా తమ్ముడు గంతిగ్‌ని అక్కడ గుర్తుపట్టాను.
వాడి నడుం మీది కుట్ల మచ్చ
చలికాలం నీలంగా తిరుగుతుంది.
తివాచీ మీద కూర్చుని, కాళ్ళని పక్కకి సర్దుకుని,
ఊరందరి మోటార్‌సైకిళ్ళూ విప్పి బిగిస్తాడు.
ఇంజన్ అందుకున్నప్పుడు
బూతు మాటొకటి అంటాడు, సంతోషంగా.

అమ్మ స్కూల్లో బాయిలర్ మండిస్తుంది.
పదమూడేళ్ళుగా ఒకటే చెప్తుంది:
ఆరో నెలలో బొగ్గు బస్తా ఎత్తాను, అందుకే.
అమ్మమ్మేమో, గుర్రపు తాడు దాటావు, అందుకే.
పుస్తకం ఆకుకూరల్లోని ఒక విటమిన్ పేరు చెప్తుంది.
ఆకు పశువులకి, మాంసం మనుషులకి
అనుకునే ఊరు మాది.
ఆ వాక్యం మాత్రం
అమ్మకి ఎప్పుడూ చదివి వినిపించను.

మావాళ్ళు వయసుని
కడుపులో పడ్డప్పట్నుంచే లెక్కేస్తారు.
పుట్టేసరికే బిడ్డకి ఒక ఏడు.
"మన ముసలమ్మలకి ఈ శాస్త్రం ముందే తెలుసు,"
అని మేడమ్ నవ్వింది ఒకసారి.
ఈ రాత్రి నేనూ అలాగే లెక్కపెట్టాను, వేళ్ళ మీద.
గంతిగ్ పుట్టింది ఏప్రిల్‌లో.
వెనక్కి వెనక్కి వెళ్తే
ఇరవై ఏడో రోజు ఆగస్టు చివర్లో తేలింది.
అమ్మకి నెల తప్పి రెండు వారాలు కూడా కాలేదు.
గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.
బాయిలర్ చల్లగా ఉంది.
ఆ బస్తాలోకి రాబోయే బొగ్గు
అప్పటికింకా భూమిలోనే ఉంది.

ఫోన్‌లో ఛార్జి రెండు గీతలుంది. చేశాను.
"తిన్నావా?"
"తిన్నాను. అమ్మా, ఆ బస్తా కాదు."
అవతల కుక్క మొరిగి ఆగింది.
"ఆగస్టులోనే అయిపోయింది, అమ్మా.
వాడున్నాడని నీకు తెలియకముందే.
బస్తా వల్ల కాదు."
పొయ్యి మూత తీసిన చప్పుడు.
మళ్ళీ పెట్టిన చప్పుడు.
చాలాసేపటికి అమ్మ గొంతు,
మెల్లగా:
"ఆగస్టులో ఏ తారీకు?"