సదాపాకు

కరెంటు పోయి నగరిలో మరమగ్గాలు ఆగితే
ఆ నిశ్శబ్దానికే ఉలిక్కిపడేవాడు పిల్లోడు.
మొగిలమ్మత్త వాకిట్లో, డాల్డా డబ్బాలో సదాప మొక్క.
ముట్టయినోళ్ల నీడ పడితే వాడతాదని
చుట్టూ ముగ్గుపిండి గీత.
"దీపం పెట్టినాక తుంచగూడదు, నిద్దరపోతా ఉంటాది.
తెల్లారి రా. పేరు చెప్పి అడుగు."

నాకు నమ్మకం లేదు.
రాత్రి రెండింటికి నమ్మకం ఎవరిక్కావాల?

అడిగినా.
రెండు రెబ్బలు, నల్లదారంతో మణికట్టుకు.
ఆ ఘాటుకు గాలీ ధూళీ గడప దాటవంట.
పిల్లోడు తుమ్మినాడు,
నిద్రపోయినాడు.

"ఒక కొమ్మ ఇయ్యత్తా, నాటుకుంటా."
"ఇస్తే బతకదు పాపా.
దొంగిలిస్తేనే వేరు పడతాది"
అని నాకు వీపు తిప్పి కూచోని
చాలాసేపు
ఉత్త చాట చెరిగింది.