ముద్ర మెల్లగా కొట్టండి

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
గడియారాలు బాగు చేసే దుకాణం నాది.
ఇప్పుడు గడియారాలు ఎవరు తెస్తరు?
కంటికి భూతద్దం బిగించుకొని
బీరగింజకు పుచ్చుందా లేదా చూస్తున్న.

రోహిణి కార్తె ఇంకా నెల ఉందనంగ
ముప్పై ఒక్క ఇండ్లకు కార్డు రాసిన:
మీ దొడ్లె పండిందే పంపాలె, కొన్నది వద్దు.
నీడకు ఆరబెట్టాలె. బూడిద దులపాలె.
తిరుగు కవరు మీద అడ్రసు మీరే రాసుకోవాలె,
స్టాంపు మీరే అంటించుకోవాలె.
ఏమీ పంపనోళ్ళకు ఏమీ రాదు.
ఆఖరి మాట కింద రెండు గీతలు గీసిన.

కవర్లు రాబట్టినయి.
కొల్లాపూర్ మణెమ్మ
లగ్గం పత్రికలు కత్తిరించి పొట్లాలు కడ్తది;
వంకాయ గింజల మీద
ఎవరిదో సుముహూర్తం, సగం పేరు.
మర్రిగూడ ఎల్లమంద వేళ్ళు వంగవు,
ఆ నీళ్ళు అట్లాంటివి.
ముడి వెయ్యడు, గంజితోని అతికిస్తడు.
విప్పాలంటే నాకు పట్కారు కావాలె.
అచ్చంపేట హాజిరా బేగంకు
గింజల కన్నా ఉత్తరమే బరువు:
పుంటికూర గురించి రెండు పేజీలు,
మోకాళ్ళ నొప్పి గురించి మూడు.

సొరగింజలు మాత్రం పోస్టాఫీసుల చస్తయి.
టప్పుమని ముద్ర పడంగనే
నడుముకు ఇరుగుతయి.
అందుకే ప్రతి కవరు మీద ఎర్రసిరతోని రాయిస్త:
"లోపల గింజలున్నయి. ముద్ర మెల్లగా కొట్టండి."
పోస్టుమాస్టరు పిలిచిండు.
మెల్లగ కొడితే తారీకు పడదయ్యా అన్నడు.
తారీకు లేకున్నా మొలుస్తయి సార్ అన్న.
నవ్వలేదు.
మర్నాటి సంది మా కవర్ల మీద
ముద్ర ఒక మూలకు పడ్తంది.

నిరుడైతే పెద్ద పంచాయితీ.
హాలియా నర్సింహారెడ్డి పంపిన తియ్యసొర
ఆరు ఇండ్లల్ల చేదు కాసింది.
ఆరు కార్డులూ నాకే వచ్చినయి.
ఒకామెకు, కూర వండి
వియ్యపురాలి ముందట పెట్టినంక తెల్సిందట.
నర్సింహారెడ్డికి రాస్తే జవాబు:
"సొర నాది.
తేనెటీగ ఎవరిదో నాకు తెల్వదు."

ఈసారి ఒక కవరు తేలిగ్గ వచ్చింది.
చందంపేట దిక్కు తండా, కేతావత్ సక్రి.
మడిచిన తిరుగు కవరు, దాని మీద స్టాంపు.
పొట్లం లేదు.
బడిపిల్లగాని రాతల ఒక్క ముక్క:
"బోరు పోయింది. ఈ ఏడు గింజ పట్టలే.
వచ్చే ఏడు రెండింతలు."
నేను గీసిన రెండు గీతలు యాదికొచ్చినయి.
స్ప్రింగుల డబ్బాలన్నీ తీసి
పదకొండు రకాలు ఏరిన.
కవరు బరువెక్కింది.
ఇంకో స్టాంపు అంటించిన.

ఇగ నాది చెప్పాలె.
మా నాయినమ్మ అనుములు:
ఇటుక రంగు, అంచుకు తెల్ల గీత,
పక్కన ఒక్కటే నల్ల చుక్క.
అటుక మీది కుండలకు ఎలుకలు దూరి
పొట్టు మిగిల్చినయి.
ఎవరికీ చెప్పలే.
పంచేటోని ఇంట్లనే గింజ లేదంటే ఏం బాగుంటది?

ఆఖరి రోజు ఆత్మకూరు నుంచి కవరు,
వడ్ల బ్రహ్మయ్యది.
"ఆత్మకూరు అనుములు.
మా ఇంట్ల తరాల సంది ఉన్నయి.
మీరు ఎన్నడూ చూసి ఉండరు."
భూతద్దం పెట్టిన.
ఇటుక రంగు. తెల్ల గీత. చుక్క.
నోటుబుక్కు తిరగేసిన:
ఐదేండ్ల కింద, యాభై గింజలు, ఆత్మకూరుకు,
నా రాతే.

కార్డు తీసి
"బ్రహ్మయ్యా, ఇవి" దాక రాసిన.
కొట్టేసిన.
"అందినయి. ఎన్నడూ చూడలే.
ఎట్ల విత్తాలె?"

వారానికి జవాబు, కార్డుకు రెండు దిక్కులా నిండ.
ఎంత లోతు, ఎంత ఎడం,
మబ్బు ఏ దిక్కున లేస్తే విత్తాలె,
అన్నీ నేను అప్పుడు రాసిచ్చినయే.
ఒక్కటే కొత్తది, కింద, చోటు లేక ఇరికించి:
"మొదటి కాయలు తెంపొద్దు,
తీగెకే ఎండనియ్యి."

ఇన్నేండ్లు
నేను తెంపుకొని తిన్న.