ఎంగిలి గాలి

అంతర్వేది లైటుహౌసు కనుమరుగయ్యాక
నీళ్లు రెండు రంగులు.
ఇటు వశిష్ఠ మోసుకొచ్చిన ఎర్ర బురద, అటు ఉప్పు.
ఆ అతుకు మీద పడవ ఆపి
తాడు తడిసిన చోట బొటనవేలు నొక్కి
"ఇరవై రెండు బారలు" అన్నాడు ఏడుకొండలు.

నాగిడి ఏడుకొండలు.
పేరుకే కొండలు. ఎక్కింది ఒక్కటీ లేదు,
దిగినవే అన్నీ.
వాళ్ల నాన్న సున్నపు బట్టీకి గుల్ల తీసేవాడు,
నడుముకి రాయి కట్టుకుని.
రాయి వదిలేస్తే పైకి. అంతే ఆ చదువు.

నా చదువుకి సరంజామా ఎక్కువ.
వీపున జంట సిలిండర్లు, వాటి వెనక రెక్క.
రెక్కంటే ఎగిరేది కాదు, గాలి సంచి.
ఒక బొత్తం గాలి నింపుతుంది,
ఇంకోటి వదిలేస్తుంది.
ఆ రెంటి మధ్య తూగుతూ బతకాలి.

అడుగున ఒక బార్జి, పక్కకి ఒరిగి.
దాని కొక్కేనికి గొలుసు తగిలించాలి.
లైటు వేస్తే
మూరెడు దూరంలో వెలుగు విరిగిపోయింది, పాలలాగ.
రెక్క నింపబోతే బొత్తం కదల్లేదు.
నాసిక్కులో బయల్దేరిన ఇసక రేణువు
ఎన్ని రేవులు దాటిందో,
వచ్చి నా బొత్తంలో కూర్చుంది.

దిగిపోతున్నాను.
చప్పుడు లేకుండా, నిండిన బిందెలాగ.

ఇప్పుడు నోట్లోది తీయాలి.
ఊపిరిచ్చేదాన్ని నా చేత్తో నేనే
పక్కకి లాగాలి.
లాకుల కింద కాలవలో వందసార్లు తీయించాడు,
చాకిరేవు ఆగి మరీ చూసేది.
"మొత్తం ఊదేయకే పిల్లా,
కొసరుంచుకో. నీళ్లు తోలుకోడానికి
ఓ పిసరుండాల."

ముడతల గొట్టం పెదాలకి ఆనించి
రెండో బొత్తం నొక్కి ఊదాను.
చిన్నప్పుడు దీపం ఊదితే అమ్మ చెయ్యి విసిరేది,
నోటి గాలి ఎంగిలని.

ఏమీ కాలేదు.

అవదు.
నాలోంచి సంచిలోకి పోయింది,
ఈ జేబులోది ఆ జేబులోకి.
ఒంటికి కలిసొచ్చింది సున్నా.
ఇచ్చిన గుక్క లేపదు.
ఇచ్చేశాక, డొక్క అంటుకుపోయాక,
తడుముకుని, నోట పెట్టుకుని
మళ్లీ తీసుకుంటామే, ఆ గుక్క లేపుతుంది.
ఈ మధ్యలో ఉన్నంతసేపూ
నువ్వు ఎవరికీ ఏమీ కావు.

రెండోసారి ఊదాను.
మూడోసారికి
ఒండ్రుకి జానెడు పైన ఆగాను.
కింద ఒక పీత చేతులెత్తి నిలబడింది.

పైకొస్తుంటే మరో లెక్క.
అక్కడ పెట్టిన ఒక్క గుక్క
ఇక్కడికొచ్చేసరికి ఐదు గుక్కలు.
అప్పు మీద వడ్డీలా ఉబ్బుతుంది.
పోనిస్తూ రావాలి.
నాదే కదాని దాచుకుంటే
జుట్టు పట్టి పైకి ఈడ్చుకుపోతుంది.
తాడు పట్టుకుని, ఆగి ఆగి,
బుస్సు బుస్సుమని నన్ను నేను వదులుకుంటూ వచ్చాను.

పడవ మీద ఏడుకొండలు
రెక్క ఒడిలో పెట్టుకుని పిండాడు.
కాసిని నీళ్లు, కాస్త గాలి.
ముక్కు దగ్గర పెట్టుకుని
"పొద్దుటి చద్దన్నంలో ఉల్లిపాయ" అన్నాడు.

నవ్వలేదు.
చాలాసేపు నీళ్లకేసి చూసి
"మా నాన్నకి ఊదుకోడానికి సంచి లేదు" అన్నాడు.

తర్వాత గుండుసూదితో
బొత్తంలో ఇసక తీస్తూ కూర్చున్నాడు.
గొలుసు ఇంకా తగిలించలేదు.