మూరెడు తక్కువ తాడు

బడిల ఎనభై మూడు మంది పిల్లలు.
గ్యాసు బండ సోమారమే ఒడిసింది.
బిల్లు అచ్చంపేటల ఏ బల్ల మీద పండుకున్నదో
హెడ్మాస్టరుకే తెల్వదు.
పప్పు నానవెట్టిన, బియ్యం కడిగిన,
ఉత్త పొయ్యి నా మొకమే చూస్తున్నది.

"నాతోటి రా" అన్నది నిమ్మల ఈదమ్మ.
"గొడ్డలి మాత్రం ఇడిసిపెట్టి రా."

మన్ననూరు చెక్‌పోస్టు దాటినంక
ఆమె ముందు, నేను ఎనక.
నడుముల కొడవలి, భుజాన తాడు, చేతిల ఒక కట్టె.
రాలిన ప్రతి కొమ్మనూ ముందు తట్టుతది:
తేలో జెర్రో ఉంటది,
లేచిపోనీకి టైమియ్యాలె గద!
తర్వాత ఇరుస్తది.
టప్పున పలికితే తీసుకుంటది.
వంగితే మెల్లగ కింద పెడ్తది,
"దీనికింక బతుకు మీద ఆశున్నది."

అనుమానముంటే గోటితోటి గీరుతది.
బెరడు కింద పచ్చ కనవడ్తే
ఏలు ఉమ్ముతోటి తడిపి ఆ గీత మీద రాస్తది,
పసిపిల్ల మోకాలు గీరుకపోతే రాసినట్టు.

చండ్ర నిప్పు పప్పుకు మంచిదట, పొద్దాక కూసుంటది.
బూరుగ ఉత్త మాటకారి,
మంట జాస్తి, ఉడుకుడు తక్కువ.
మొర్రి చెట్టు కింద మాత్రం
ఒక్క పుల్లను ముట్టనియ్యదు.
ఆ ఎండుపుల్లల చాటునే
మొలకలు మేకల నోటికి దొరక్కుంట దాక్కుంటయి.

"నీ అంతల నువ్వు నెత్తికెత్తుకునేంతే కట్టు.
ఎత్తనీకి ఇంకో మనిషి కావాల్నంటే
ఆ మోపు నీది కాదు."

వాగు దాటంగనే
నిలవడే సచ్చిపోయిన నల్లమద్ది.
ఆకు లేదు, బెరడు లేదు, నిలువెల్ల ఎండిన కట్టె.
మనసుల లెక్క కట్టిన, పది రోజుల పప్పు!
ఈదమ్మ దానికి చెవి ఆనిచ్చి విన్నది.
"ఇల్లు" అన్నది.
ఎవలదని అడిగిన.
"మనది కాదు."

ఆదివారం ఒక్కదాన్నే పోయిన,
కొంగు కింద గొడ్డలి దాసుకోని.
ఒకటి.
రెండు.
మూడో దెబ్బకు పై తొర్రలకెళ్లి
ఒక గుండ్రటి మొకం బయటికొచ్చింది.
పగటి ఎలుతురుకు కండ్లు చికిలిచ్చి చూసింది.
కోపం లేదు ఆ చూపుల.
అర్ధరాత్రి ఎవలో తలుపు కొడితే
లేచొచ్చిన ముసలాయన చూసినట్టు చూసింది.
నేను వాగు ఎట్ల దాటిన్నో యాదికి లేదు.

తెల్లారి ఈదమ్మ ఆ మూడు గాట్లు చూసింది.
ఒక్కొక్క గాటుల ఏలు పెట్టి లోతు చూసింది.
ఏమన్నా అంటదేమోనని నిలవడ్డ.
ఏమనలేదు.
నా భుజం మీది తాడు తీసుకోని
బండ మీద పెట్టి, కొడవలితోటి
మూరెడు కోసి
మిగిలింది నాకిచ్చింది.

అప్పటిసంది నా మోపు చిన్నది.
వారానికి ఒక తొవ్వ ఎక్కువ నడుస్త.
గుడ్లుడికే రోజు మాత్రం తిట్టుకుంట, ఎవలనో తెల్వదు.
ఈదమ్మ మనుమడు బయన్న, ఐదో తరగతి,
పొయ్యి కాడికొచ్చి నా పుల్లలను
ఒక్కొక్కటి నేలకు తట్టుతడు.
"ఆగు పెద్దమ్మా, చీమలింక దిగలే."
అన్నం ఆలస్యమైతదిరా అంటే
కాసేపే గద అంటడు.

బిల్లు సగమొచ్చింది. బండ కూడ వచ్చింది.
చాయికి, చారుకు అది.
పప్పుకు ఇప్పటికీ చండ్రనే.

కోసిన తాడుముక్క ఏం చేసిందో నేనడగలే.
మొన్న చూసిన, బడి ముందట
గంట కొట్టే రైలుపట్టా ముక్కను
ఆ మూరెడుతోటే యాలాడగట్టిన్రు.
పన్నెండున్నరకు అది మోగితే
ఎనభై మూడు పళ్లేలు ఒక్కపారి లేస్తయి.

నల్లమద్ది ఇంక అట్లనే నిలవడ్డది.
పచ్చి చెట్టైతే బంక కారి ఎప్పుడో మానేది.
సచ్చిన చెట్టుకు గాటు మానదు.
ఆ తొవ్వల పోయినప్పుడల్ల
చేతి కట్టె సంకల పెట్టుకోని
చప్పుడు చెయ్యకుంట దాటుత.
లోపల ఎవలో పండుకున్నరు.