అట్టలో విమానం

గోనెల వ్యాపారి చిఠ్ఠా పుస్తకం అది,
వెన్ను విరిగి నా బల్ల మీదికి వచ్చింది.
రాత్రంతా తడిగుడ్డ కింద ఉంచాను.
పొద్దున ముందు అట్ట పొరలు పొరలుగా ఊడుతుంటే
లోపల్నుంచి ఒక మనిషి
నా వంక చూశాడు.

తోలు టోపీ, గుండ్రటి కళ్ళద్దాలు,
మెడలో తెల్ల రుమాలు.
ఎనభై ఏళ్ళు గాలాడని చోట
ఆ రుమాలు ఎగురుతూనే ఉంది.

తాత చేతిపనే ఇది, సందేహం లేదు.
మైలుతుత్తం కలిపిన గంజి. పురుగు ముట్టలేదు.
యుద్ధం రోజుల్లో విజయనగరంలో
బియ్యమైనా అప్పు పుట్టేది గానీ
కాగితం పుట్టేది కాదనేవాడు.
విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక
జనం మూటలతో రైళ్ళు దిగిన ఏడు
మా వీధి లాంతర్లకి మసి పూశారట.

ఊరవతల మెట్ట చదునుచేసి
విమానాలకి బాట వేస్తుంటే
తాత తమ్ముడు దాలప్ప కంకర మోశాడు.
సాయంత్రం దొరల గుడారాల వెనక చెత్తలో ఏరుకొచ్చేవాడు:
బిస్కట్ డబ్బా, ఒంటి బూటు తాడు,
ఈ రంగుబొమ్మల పుస్తకాలు.
"పిల్లల పుస్తకాలు పెద్దోలు సదూతారేటన్నా?"
"సదవనీ. అట్టకి పనికొస్తాది."

పైకాగితం చిరిగిపోయింది,
వీరుడి పేరు దాంతోనే పోయింది.
వీళ్ళే పెట్టుకున్నారు: గాలినాయుడు.
బుడ్డిదీపానికి గోనెపట్టా అడ్డం కట్టి
ఇంగ్లీషు ముక్క రాకుండానే
వీధి గుంటలందరికీ దాలప్ప చదివేవాడట.
"సూడండ్రా, ఎలా ఎగిరిపోతన్నాడో!
తుపాకీ పేలితే సప్పుడు కూడా రాసీసినారు
ఇంతింత అచ్చరాలు.
ఈడికి ఆకలెయ్యదు. జొరం రాదు.
పెట్రోలు ఎవుడు పోస్తాడో మరి,
ఏ బొమ్మలోనా లేడు."

భూతద్దం పెట్టి చూస్తే
గాలినాయుడి బుగ్గ నిండా చుక్కలు.
ఎర్రచుక్క పక్కన పసుపుచుక్క,
దూరం జరిగితేనే మనిషి.
శత్రువులకి మాత్రం ఒట్టి పసుపు పులిమారు.
పళ్ళున్నాయి, మొహాల్లేవు.
గీసినవాడి చెయ్యి అక్కడ తొందరపడింది.

ఒక వాన రాత్రి నిజం విమానమే ఒకటి
చంపావతి ఒడ్డున తాళ్ళ మీద కూలింది.
దాలప్ప లాగిన కుర్రాడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు.
వణికాడు, కక్కుకున్నాడు,
దాలప్ప లుంగీ అంచు పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు.
ఇంటికొచ్చి ఒకే మాట అన్నాడట:
"గాలినాయుడు కాదన్నా. గుంటడు."
ఆ తర్వాత పిల్లలు ఎంత అడిగినా
దీపం దగ్గర కూర్చోలేదు.

ఆరో పొర కింద చివరి పేజీ.
విమానం దిగింది. గాలినాయుడు రెక్క మీద నిలబడి
ఎవరికో చెయ్యి ఊపుతున్నాడు.
వెనక, బొమ్మ అంచున,
గోచీ కట్టిన నల్లటి మనిషి,
నెత్తి మీద డబ్బా.
అతనికి మాట బుడగ లేదు.
కళ్ళు కూడా గియ్యలేదు.

అతని చుట్టూ ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టారు.
తాత కత్తి ఆ సున్నాని నిలువునా కోసింది,
చూసి కోశాడో, చూడక కోశాడో.
సగం మనిషి మిగిలాడు,
పక్కన వంకర అక్షరాలు సగం మిగిలాయి:
"ఈడు నా"

ఈడు నానే అని దాలప్ప రాశాడా,
ఈడు నా తమ్ముడని తాతా?
ఇద్దరి చేతిరాతా నేనెరగను.

వ్యాపారి మనవడు ఫోన్ చేశాడు,
పాత అట్ట పారేసి కొత్తది వేసెయ్యమని.
రెండ్రోజులు పడుతుందన్నాను.

వెనక అట్ట
ఇంకా తడిగుడ్డ కింద నానుతోంది.