గీతలు గీసేవాడి లెక్క

ముప్పై నాలుగేళ్లుగా ఈ మైదానానికి
సున్నం గీతలు గీసేది నేనే.
గెలుపోటములు నాకు గుర్తుండవు,
గడ్డి ఎక్కడ చచ్చిపోయిందో గుర్తుంటుంది.

లీవెన్ థైసెన్స్ వచ్చిన రోజు
లింబర్గ్ మీద ఎప్పటి వానే.
పదిహేడేళ్లవాడు, సైకిల్ హ్యాండిల్‌కి బూట్లు వేలాడేసుకుని
గని మూతపడ్డ ఊరినుంచి,
నల్లటి మట్టిగుట్ట నీడలోంచి తొక్కుకుంటూ వచ్చాడు.
బూట్లు నాన్నవి. వేళ్ల దగ్గర
పాత పేపరు కుక్కి ఉంది.

అతణ్ని మధ్యలో నిలబెట్టారు.
మధ్యలో ఆడటమంటే,
వెనకవాళ్లు తప్పు చేస్తే నువ్వెక్కడ చచ్చావంటారు
ముందువాళ్లు గోల్ కొడితే నువ్వెవరంటారు.
అడకత్తెరలో పోకచెక్క ఉద్యోగం,
పదహారేళ్లు చేశాడు.

బంతి తన దాకా వచ్చేలోపు
మెడ తిప్పి వెనక్కి చూసుకునేవాడు,
కుడి భుజం మీంచి ఒకసారి, ఎడమ భుజం మీంచి ఒకసారి,
రోడ్డు దాటే ముసలమ్మలా.
జనం నవ్వేవారు.
బంతి కాలికి తగిలిందో లేదో తెలిసేలోపు
ఇంకెవరి దగ్గరో ఉండేది.
జనం అటే చూసేవారు, బంతి పోయినవైపు.
సోమవారం పొద్దున నేను చూసేది వేరు:
నడి వలయానికి కాస్త ఇవతల
ఒక మంచం పట్టేంత మేర బట్టతల.
విత్తనం చల్లేవాణ్ణి.
శనివారానికల్లా తొక్కేసేవాడు.

ఒక్కసారి జాతీయ జట్టు చొక్కా తొడిగాడు.
తొమ్మిది నిమిషాలు.
వాళ్లమ్మ హిల్డా తన దుంపవేపుళ్ల బండికి
ఆ ఫోటో అంటించి
ఆ సాయంత్రం అందరికీ మయొనైజ్ ఊరికే వేసింది.

తర్వాత మోకాలు.
మళ్లీ అదే మోకాలు.
ఆ భాగం చెప్పడం నాకు చేతకాదు.
గడ్డి మాత్రం తిరిగి మొలిచింది. దానికి సిగ్గు లేదు.

తొమ్మిదేళ్లకి మేనేజర్‌గా వచ్చాడు,
పొడుగు కోటు, చెవుల దగ్గర నెరుపు.
నేనివ్వగలిగింది
బెంచీ ముందు చుక్కల గీతతో ఒక చిన్న చదరం.
"ఇంతేనా, డ్రీస్?" అన్నాడు.
"రూలు అంతే" అన్నాను.
మైదానమంతా తిరిగిన మనిషికి
బట్టలారేసుకునే పెరడంత చోటు.

అందులో కూడా మెడ తిప్పి వెనక్కి చూసేవాడు.
వెనక ప్రత్యర్థి ఎవడూ లేడు,
దుప్పట్లు కప్పుకుని
తమ పేరు పిలుస్తాడేమోనని కాచుకున్న కుర్రాళ్లు.
ఆ చూపులు తప్పించుకోవడానికి
ఏ వైపు తిరగాలో అతనికెవరూ నేర్పలేదు.

తన పాత చోట్లో ఎమిర్‌హాన్‌ని పెట్టాడు.
వాడి తాత, ఇతని నాన్న ఒకే లిఫ్టులో భూమిలోకి దిగినవాళ్లు.
"వెనక చూడు! చూడరా వెనక!"
గొంతు పోయేదాకా అరిచేవాడు.
వాడు చూడడు.
వీపుతో వింటున్నట్టు నిలబడతాడు.

ఫిబ్రవరి, దీపాల కింద మంచు బిగుసుకుంటున్న రాత్రి
మళ్లీ అరవబోయాడు.
కుర్రాడు చూడకుండానే మడమతో
ఇద్దరి సందులోంచి బంతి తోశాడు.
గోల్.
జనం బంతిని చూశారు.
నేను థైసెన్స్‌ని చూశాను.
తెరిచిన నోరు మెల్లగా మూసుకున్నాడు,
చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు,
ఆట ముగిసేదాకా తియ్యలేదు.

తర్వాతి నవంబర్‌లో వరసగా అయిదు ఓటములు.
ప్రెసిడెంట్ పేపర్లో కృతజ్ఞతలు చెప్పాడు,
అంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు.

మర్నాడు ఏడింటికి తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు.
నేను గీతకోసం తాడు లాగుతున్నాను.
అవతలి కొసని ఎప్పుడూ మేకుకి కడతాను,
ఆ రోజు తను వంగి పట్టుకున్నాడు,
మోకాలు టక్కుమంది, ఇద్దరం విననట్టే ఉన్నాం.
అలా నడుస్తూ ఆ మంచమంత చోటు దగ్గరికొచ్చాం.
"తొక్కచ్చు, ఇప్పుడది మామూలు గడ్డే" అన్నాను.
చుట్టూ తిరిగి వెళ్లాడు.

గీత ఒక వేలెడు వంకర వచ్చింది.
శనివారం రిఫరీ అడిగాడు.
తాడు తడిసిందని చెప్పాను.