ఆగడం రాని నేల

ల్యుబ్లియానాలో, యూనివర్సిటీ సెల్లార్లో
ఆరు మీటర్ల నేల ఒకటుంది మా దగ్గర.
ఎటు నడిస్తే దానికి ఎదురు
ఎంత నడిస్తే అంత
వెనక్కి జరుగుతుంది.
మనిషి నడిమధ్యనే ఉంటాడు,
ఉన్నట్టు తెలియకుండా.

తెలియకుండా: నా జీతం ఆ ఒక్క మాటకి.
నడిచేవాణ్ణి ఎంత మెల్లగా లాగితే
లాగినట్టు అనిపించదో
ఆ అంకె కోసం రెండు చలికాలాలు పోశాను.
నిద్రపోయిన పసిదాని తల కింద నుంచి
చెయ్యి తీసుకున్నంత మెల్లగా.

మంగళవారం లోవ్రెంత్స్ వచ్చాడు.
డెబ్బయ్యొకటి.
ముప్పయ్యెనిమిదేళ్ళు సోచా లోయలో ఉత్తరాలు పంచినవాడు,
కాలికి బలపం కట్టుకున్న మనిషి.
నడుముకి పట్టీ బిగిస్తుంటే
"మా నాన్న కంచరగాడిదని కూడా
ఇంత గట్టిగా కట్టలేదు" అన్నాడు.
కళ్ళజోడు తొడిగాం.
డ్రోన్లు తీసిన ఫొటోలతో కుట్టిన
అతని పాత దారే అది.

నడిచాడు. తెర మీద అంకెలన్నీ పచ్చగా.
యెర్నెయా నా భుజం తట్టింది.

ఆగాడు.
ఊరికే కాదు, ఒక ఇంటి ముందు.

అతను ఆగితే నా నేల ఆగదు.
అతన్ని మధ్యకి చేర్చే పని
దానికింకా మిగిలే ఉంటుంది.
సెకనున్నర.
గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి
చొక్కా పట్టుకుని ఎవరో వెనక్కి ఈడ్చినట్టు
తూలాడు. పైనుంచి తాడు పట్టుకుంది.

మళ్ళీ నడక. మళ్ళీ ఇల్లు. మళ్ళీ తూలడం.
"ఆగకుండా నడవండి" అన్నాను మైకులో.
"ఆగకపోతే ఉత్తరం ఎవరిస్తారు?"

నడక లెక్క తేల్చాం, మలుపు లెక్క తేల్చాం,
పరుగు కూడా.
ఆగడం లెక్కలో ఉందని
ఎవరికీ తట్టలేదు.

పదకొండో ఇంటి దగ్గర
నా బెల్టు జరుగుతుంటే, దాని మీదే,
దానికంటే ఒక్క పిసరు తొందరగా
ముందుకి రెండు చిన్న అడుగులు వేసి
లేని పెట్టెలో లేని కవరు పడేశాడు.
"గాలి రోజుల్లో వేలాడే వంతెన ఇలాగే చేసేది"
అన్నాడు, ఎవరితోనో.

నివేదికలో రాశాను:
నడిచింది వెయ్యిన్ని ఎనిమిది వందల మీటర్లు.
కదిలింది నలభై సెంటీమీటర్లు.
లోపాలు అన్న గడిలో
ఒకే మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

బయట మంచు.
సెల్లార్ మెట్లెక్కుతూ లోవ్రెంత్స్
ప్రతి మెట్టు మీదా కొంచెం తొందరపడి
కొంచెం ఆగి
కిందికి చూశాడు,
ఇది ఎటూ పోదేమిటన్నట్టు.